విత్తనపు బస్తాయు, పిల్లవాని పడకయు



విత్తనమును ఎండబెట్టుట, శుభ్రపరచుట, నేల చెమ్మ తగులకుండ బల్లలపై నిలుపుట అను మూడు సంగతులను బోధించుచు నేను చాల యేండ్లుగా ఊరూర తిరుగుచున్నాను. ఆ మూడింటినే నా యింటి పడకగదియందు మరచితిని. దానివలన పడిన బాధను, నేర్చిన పాఠమును ఈ మాసము మీకు నివేదించుకొనుచున్నాను.

కొన్ని సంవత్సరముల క్రిందట ప్రదర్శన క్షేత్రములకై వచ్చిన వరి, వేరుశనగ విత్తనముల బస్తాలకు వేరు చోటు లేక, మేము పరుండు గదిలోనే గోడవారగా పేర్పించితిని. ఆ శీతకాలమున ఆరేండ్ల మా చిన్నవానికి తెల్లవారుజామున దగ్గు, పిల్లికూతలు ఆరంభమైనవి. పగలెల్ల చక్కగ ఆడుకొనువాడు రాత్రి లేచి కూర్చుండి రొప్పుచుండెను. పడిసెమని తలచి మా తల్లిగారు కషాయములిచ్చి సాంబ్రాణి పొగ వేసిరి. పొగ వేసిన రాత్రి బాధ మరింత హెచ్చెను. తుదకు వైద్యుని యొద్దకు తీసికొనిపోగా, ఆయన మందు వ్రాయుటకు ముందు, "పిల్లవాడు ఎక్కడ పరుండునండీ? ఆ గదిలో ఏమేమి యున్నవి?" అని యడిగెను. నేను సిగ్గుతో తల వంచుకొంటిని.

ఇంటి దుమ్మనగా ఉత్త మన్ను కాదు. మన చర్మమునుండి రాలిన పొట్టు, దూది నుసి, బూజు, బొద్దింకల మలము, ధాన్యపు నుసి అన్నియు అందు కలిసియుండును. అన్నిటికంటె ముఖ్యమైనది దుమ్ముపురుగు. దాని పొడవు మిల్లీమీటరులో సుమారు మూడవ వంతు. అది నల్లివలె కరవదు, నెత్తురు త్రాగదు. మన చర్మపు పొట్టును తిని పరుపులలో, దిండ్లలో బ్రదుకును. దాని మలము కొందరి ఊపిరి గొట్టములకు పడదు. వైద్యులు అలర్జీ యనునది ఇదియే. ఇంటి దుమ్ము పడకపోవుటకు ఈ పురుగు ముఖ్యకారణమని హాలండు దేశపు లైడెన్ నగరమున ఫోర్‌హోర్స్ట్, స్పీక్స్‌మా అను పరిశోధకులు 1964లో వెల్లడించిరి. ధాన్యపు నుసిలో దీని జ్ఞాతులు కొన్ని గలవు. ధాన్యము జల్లించువారికి దగ్గు, ఆయాసము కలుగుటను ఇటలీ దేశపు వైద్యుడు రామజ్జీని 1700లోనే తన గ్రంథమున వ్రాసెను.

ఈ పురుగు నీరు త్రాగదు. గాలిలోని తేమనే పీల్చుకొనును. ఆ తేమ నూటికి 50 పాళ్లకు తగ్గి కొంతకాలము అట్లే నిలిచినచో ఎండి చచ్చును. బస్తాలోని పురుగునకు ఏది బలమో పడకలోని పురుగునకును అదియే బలము: చెమ్మ. వరి విత్తనమున తేమ నూటికి 13, వేరుశనగ కాయలలో 9 పాళ్లు మించరాదని మనమెరుగుదుము. పడక విషయమున అట్టి జాగ్రత్త ఎన్నడైన పడితిమా?

కావున చేయవలసిన పనులివి:

1. బస్తాలు, గాదెలు, పాత గోనెలు పరుండు గదిలో ఉంచరాదు. చెరుగుట, జల్లించుట వాకిట గాలివాలున చేయవలెను. ఉబ్బసము గలవారు ఆ పని చేయరాదు; చేయువారు ముక్కునకు, నోటికి గుడ్డ కట్టుకొనవలెను.

2. పరుపులు, దిండ్లు, బొంతలు వారమునకొకమారు నడియెండలో వేసి, ఇంటికి దూరముగ దులపవలెను. నేను చదివిన మిషను పాఠశాల వసతిగృహమున ప్రతి శనివారము చాపలు, దుప్పట్లు ఎండ వేయనిదే మాకు ఆటకు సెలవు దొరకెడిది కాదు. నాడు విసుగుకొంటిని; నేడు దాని విలువ తెలిసినది. ఎండకు పురుగు చచ్చినను దాని మలము మిగులును గనుక, దుప్పట్లను, గలీబులను ఉడుకునీట ఉతుకుట మేలు. 55 డిగ్రీలకు మించిన వేడిమికి పురుగులు నశించును. చాకిబానలో బట్టలుడికించిన మన పెద్దల పద్ధతి మంచిదే.

3. పొడి చీపురుతో ఊడ్చిన దుమ్ము గాలిలోనికి లేచి, గంటలకొలది నిలిచి, మరల పడకపైననే పడును. మట్టినేలపై నీళ్లు చిలకరించి ఊడ్వుడు. సిమెంటు నేలను తడిగుడ్డతో తుడువుడు. ఈ పని ఉదయముననే చేసి, తలుపులు, కిటికీలు తెరచి నేలను ఆరనీయుడు. ఆ వేళ రోగి ఇంట ఉండరాదు.

4. కప్పు కారుచున్నచో వానలకు ముందే బాగుచేయవలెను. చెమ్మ గోడకు సున్నము కొట్టినంతమాత్రమున బూజు పోదు. నీరు వచ్చు దారిని మూయవలెను.

5. రాత్రి ఎంగిలి గిన్నెలు కడిగి, తినుబండారములపై మూతలు పెట్టినచో బొద్దింకలు తగ్గును. పొయ్యి పొగ, సాంబ్రాణి, దోమలచుట్ట, చుట్ట, బీడీ ఇవేవియు ఉబ్బసము గలవాని గదిలో పనికిరావు.

ఇట ఒక హెచ్చరిక. ధాన్యమునకు పురుగు పట్టకుండ పెట్టు అల్యూమినియం ఫాస్ఫైడు బిళ్ళలను మనుష్యులు మసలు ఇంట ఎన్నడును వాడరాదు. చెమ్మ తగిలినంతనే వానినుండి వెలువడు ఫాస్ఫీను వాయువు నిద్రించువారి ప్రాణములు తీయును. దానికి విరుగుడు లేదు.

ఈ పనులలో ఏదో యొకటి చేసిన ఫలము స్వల్పము. అన్నియు కలిపి చేయవలెను. ఇవి మందునకు బదులు కావు. వైద్యుడిచ్చిన పీల్చుమందు మానరాదు. డొక్కలు లోనికి పోవుచు, మాట పెగలక, పెదవులు నల్లబడినచో ఒక్క క్షణము జాగుచేయక ఆసుపత్రికి తీసికొనిపోవలెను.

మరునాడే మా బస్తాలు సంఘపు గిడ్డంగికి చేరినవి. మా పిల్లవాని ఉబ్బసము పూర్తిగ పోయినదని చెప్పజాలను. మందు ఇప్పటికిని వాడుచున్నాడు. కాని రాత్రులు నిద్రించుచున్నాడు, బడి తప్పుట లేదు. గిడ్డంగిలో చోటుండగా ఇంట బస్తాలు పేర్చుకొను సభ్యులు ఇంకను పెక్కురు గలరు. వారు ఈ రాత్రి దీపము పట్టుకొని, తమ పిల్లలు పరుండు చోటును ఒక్కసారి చూతురుగాక.