తరగతి గదిలో ఒక వారము
(పంచాయతీ సభ్యులకు పాఠము)

పంచాయతీ సభ్యులు ఊరి పాఠశాలకు పోయినప్పుడు సాధారణముగా పైకప్పును, కుళాయిని, మరుగుదొడ్లను చూచి వచ్చుచుందురు. ఇవి చూడవలసినవే. కాని ఆ పూట పిల్లలు ఏమి నేర్చుకొనుచున్నారో కూర్చుండి చూచువారు తక్కువ. ఒకవేళ చూచినను, పిల్లలు నేలపై కూర్చుండి అగ్గిపెట్టెలు పేర్చుచుండగా చూచి, "ఇదేమి చదువు? ఆటలాడించుచున్నారే!" అని విసుగుకొనువారును కలరు. ఆ విసుగునకు సమాధానముగానే ఒక వారము తరగతి పనిని ఇచ్చట వివరించుచున్నాము.

విజయవాడలోని బెంజ్ సర్కిల్ వద్ద చెన్నై నుండి కలకత్తా పోవు రహదారియు, హైదరాబాదు నుండి మచిలీపట్నము పోవు రహదారియు కలియును. ఆ కూడలికి పది కిలోమీటర్ల లోపున ప్రసాదంపాడు, ఎనికేపాడు, నిడమానూరు, పోరంకి వంటి ఊళ్లున్నవి. ఒక ప్రక్క కాలువ, వరిచేను. ఒక ప్రక్క లారీలు, కొత్త కట్టడములు. ఇట్టి ఊరి మూడవ తరగతిని తీసుకొందము. అందులో రైతు బిడ్డ యుండును, ఆటో నడుపువాని బిడ్డ యుండును, కట్టడపు పనికై దూరపు జిల్లాల నుండి వచ్చి మూడు నెలలుండి పోవు కూలీల బిడ్డయు నుండును. ఈ మూడవ బిడ్డ సంగతియే మనకు ముఖ్యము.

సోమవారము కాలువను గూర్చి మాటలు. పుస్తకము తెరువరు. ఎవరేమి చూచిరో చెప్పుమని ఉపాధ్యాయిని అడుగును. "మా నాన్న రాత్రి నీళ్లు పెట్టడానికి పోయాడు" అని ఒకడనును. "లాకుల కాడ చేపలు పట్టారు" అని యింకొకతె. ఆమె ఆ మాటలనే, దిద్దకుండ, నల్లబల్లపై వ్రాయును. తన నోటి మాట తనకు ఎదురుగా అక్షరములై నిలుచుట చూచిన బిడ్డ దానిని చదువక మానదు. భాష దిద్దుట తరువాతి పని. 1855 లో పూర్తియైన ఆనకట్ట సంగతి, దానికి బదులుగా 1957 లో వచ్చిన ప్రకాశం బ్యారేజి సంగతి ఆమె కథగా చెప్పును. అంతటితో ఆ దినము సరి.

మంగళవారము కొలతలు. ఈ పాఠము కొంత నిదానముగా చూడదగినది. పాఠశాల వసారా ఎన్ని మూరలున్నదో కొలువుమందురు. ఒక బాలిక కొలువగా 27 మూరలు వచ్చినది. ఆమెకంటె పొడవైన బాలునికి 25 వచ్చినవి. ఉపాధ్యాయిని కొలువగా 20 మాత్రమే. "నీవు తప్పు కొలిచితివి" అని పిల్లలలో తగవు. మరల కొలిచిరి, మరల అవే లెక్కలు. అప్పుడొకతెకు తోచును: చేయి పొడవైనకొలది మూరలు తగ్గును! ఉపాధ్యాయిని వెంటనే మీటరు కఱ్ఱ తీయదు. "మనము పూలు మూరల లెక్కన కొందుము గదా, ఏ పూలమ్మి వద్ద కొనిన లాభము?" అని అడుగును. పొడుగు చేతులామె వద్దనని తరగతి అంతయు ఒక్కటిగా కేక వేయును. తరువాతనే మీటరు కఱ్ఱ వచ్చును. దానితో ఎవరు కొలిచినను తొమ్మిదియే. మన దేశము 1956 నాటి చట్టముతో మెట్రిక్ కొలతలను ఏల చేపట్టెనో ఈ ఎనిమిదేండ్ల పిల్లలకు ఇప్పుడు తెలిసినది. మన పెద్దలలో కొందరికి ఇంకను తెలిసినట్లు లేదు.

బుధవారము వాహనముల లెక్క. పిల్లలను రోడ్డు మీదికి కొనిపోరాదు. ప్రహరీ లోపలనే, గేటు వెనుక నిలిపి పది నిమిషములు చూపుదురు. ఒక జట్టు ఆటోలను, ఒక జట్టు లారీలను, ఒక జట్టు మోటారు సైకిళ్లను గీతలు గీచి లెక్కించును. గదిలోనికి వచ్చి ఐదు వాహనములకు ఒక అగ్గిపెట్టె చొప్పున నిలువుగా పేర్చుదురు. 23 ఆటోలకు నాలుగు పెట్టెలు పోను మూడు మిగులును. మిగిలినదానిని ఏమి చేయవలెనన్న ప్రశ్నతో భాగహారము దానంతట అదే వచ్చును. పైన చెప్పిన అగ్గిపెట్టెల ఆట ఇదియే. ప్రహరీయో గేటో లేని పాఠశాలలో ఈ పాఠము సాగదు. అది పంచాయతీ చూడవలసిన విషయము.

గురువారము జట్లు విడివిడిగా పనిచేయును. కథను చదువగలవారు కథను, పదములు మాత్రమే చదువగలవారు పదముల అట్టలను, అక్షరములు కుదరనివారు సోమవారము తాము చెప్పిన వాక్యములనే తీసికొందురు. నెల మధ్యలో వచ్చి చేరిన కూలీ బిడ్డకు చోటు దొరకునది ఈ దినమే. అందరికిని ఒకే పుట, ఒకే వేగము అయినచో ఆ బిడ్డ మొదటి వారమే వెనుక బల్లకు చేరును, రెండవ నెలలో బడి మానును. 2022 లో జరిగిన అసర్ గ్రామీణ సర్వేలో దేశము మొత్తము మీద మూడవ తరగతి పిల్లలలో నూటికి 20.5 మందియే రెండవ తరగతి పాఠమును చదువగలిగిరి. 2024 నాటికి అది 27.1 అయినది. తక్కినవారి కొరకే ఈ గురువారము.

శుక్రవారము కాలువ గట్టు మట్టితో లాకులు, తూములు చేయుదురు. శనివారము వారమంతటి పనిని గోడకు అంటించి, వచ్చిన తల్లుల యెదుట చదువుదురు.

ఇదంతయు క్రొత్తది కాదు. చేతిపనితో చదువును ముడివేయవలెనని 1937 లో వార్ధా సభ చెప్పినది. మన రాష్ట్రమున 1980 ల నడుమ బ్రిటిష్ ప్రభుత్వ సహాయముతో మొదలైన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకము, పిల్లలు చేసి నేర్చుకొనుట, జట్టు పని, పరిసరముల వినియోగము, పిల్లల పనిని గదిలో ప్రదర్శించుట అను సూత్రములను ఉపాధ్యాయులకు నేర్పినది. అయితే గోడనిండ కాగితములు వ్రేలాడినంత మాత్రమున చదువు వచ్చినట్లు కాదు. ఆ కాగితము వ్రాసిన బిడ్డను పిలిచి చదివించి చూచిన నిజము తెలియును. సభ్యులు చేయదగిన తనిఖీ ఇదియే. దీనికి డిగ్రీలు అక్కరలేదు.

2009 నాటి విద్యాహక్కు చట్టము 9 వ సెక్షను స్థానిక సంస్థలపై కొన్ని విధులను మోపినది. తమ పరిధిలోని పదునాలుగేండ్ల లోపు పిల్లల వివరములు వ్రాసి ఉంచుట, వారి హాజరును గమనించుట, వలస కుటుంబముల పిల్లలను బడిలో చేర్పించుట అందులోనివి. 21 వ సెక్షను ప్రకారము పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులు, మొత్తములో సగము మంది స్త్రీలు ఉండవలెను; స్థానిక సంస్థల ప్రతినిధులకును అందు స్థానము కలదు.

కాబట్టి కట్టడపు పనులు సాగుచున్న చోటనో, ఇటుక బట్టీల వద్దనో కొత్త గుడిసెలు వెలసినప్పుడు ఆ వార్డు సభ్యుడు పలక వయస్సు పిల్లలెందరో వ్రాసికొని, ఆ వారముననే ప్రధానోపాధ్యాయుని కలిసికొనవలెను. వచ్చిన పిల్లలు తెలుగు గాక ఒడియాయో మరియొక భాషయో మాట్లాడువారైనచో ఆ సంగతియు ముందుగా చెప్పవలెను. సోమవారపు నల్లబల్లపై ఏ మాటలు వ్రాయవలెనో ఉపాధ్యాయిని ఆలోచించుకొనుటకు వ్యవధి కావలెను గదా.