సముద్రంలో గాలిమర కాలు ఎలా నిలుస్తుంది?

ఇంద్రేశం చుట్టుపక్కల ఇల్లు మొదలుపెట్టేవాళ్లు ముందు అడిగే మాట "మట్టి ఎట్లుంది?" అని. ఎర్రనేల అయితే కొంత తవ్వగానే మొరం తగులుతుంది. నల్లరేగడి అయితే వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలిస్తుంది, కట్టిన గోడ పగులుతుంది. మన పటాన్‌చెరు దగ్గర ఈ రెండు నేలలూ పక్కపక్కనే కనిపిస్తాయి. 1972లో ఏర్పడిన ఇక్రిశాట్ క్షేత్రంలోనూ రెండూ ఉన్నాయి. పునాది లెక్క నేలతోనే మొదలవుతుందని కాబట్టి మనకు ఎవరూ కొత్తగా చెప్పనక్కరలేదు. మరి ఆ నేల ముప్పై మీటర్ల నీళ్ల కింద ఉంటే ఏం చేస్తారు?

సముద్రంలో మొదటి గాలిమరల క్షేత్రాన్ని 1991లో డెన్మార్క్ దేశం విండెబీ అనే చోట పెట్టింది. మొత్తం 11 మరలు. నీటి లోతు నాలుగు మీటర్లకు మించదు కాబట్టి బరువైన కాంక్రీటు దిమ్మెల మీద నిలబెట్టారు. పాతికేళ్లు పనిచేశాక 2017లో వాటిని తీసేశారు. తర్వాత లోతు పెరిగేకొద్దీ పునాదులు మారాయి. ఇప్పుడు ఎక్కువగా వాడేది మోనోపైల్, అంటే ఒకే ఒక్క ఉక్కు గొట్టం. బోరుకు దింపే కేసింగ్ పైపును ఊహించుకోండి. దాని వ్యాసం అంగుళాల్లో ఉంటుంది, దీనిది ఏడెనిమిది మీటర్లు. దీన్ని సుత్తి యంత్రంతో సముద్రపు అడుగులోకి దిగ్గొడతారు. ఇంకా లోతైన చోట మూడు నాలుగు కాళ్ల ఉక్కు చట్రం పెడతారు, దాన్ని జాకెట్ అంటారు. మరీ లోతైతే తేలే పునాదులే గతి. 2017లో స్కాట్లాండ్ దగ్గర హైవిండ్ అనే క్షేత్రంలో ఐదు మరలను అలా తేలియాడించారు.

మేము హాస్టల్లో ఉండి సివిల్ చదివినవాళ్లం కనుక లెక్క కాస్త వివరంగా రాస్తున్నాం, విసుక్కోకండి. ఇంటి బరువు కిందికి ఉంటుంది. గాలిమర మీద పడే అసలు భారం పక్క నుంచి వస్తుంది. వంద మీటర్ల ఎత్తున గాలి వంద టన్నుల బలంతో తోస్తోందనుకుందాం. అప్పుడు మొదట్లో పడే తిప్పుడు బలం పదివేల టన్ను-మీటర్లు. జెండా కర్రను పైన పట్టుకుని ఊపితే మొదట్లో మట్టి వదులవుతుంది కదా, ఇదీ అంతే.

ఊపు సంగతి ఇంకా ముఖ్యం. ఉయ్యాలను దాని లయలో తోస్తే చిన్న తోపుకే పైకి లేస్తుంది. నిమిషానికి 12 సార్లు తిరిగే మర ఒక చుట్టుకు 5 సెకన్లు తీసుకుంటుంది. మూడు రెక్కలున్నాయి కాబట్టి 1.7 సెకన్లకొకసారి ఒక రెక్క స్తంభం ముందు నుంచి పోతుంది. తుఫాను అలలు పది సెకన్లకు అటూ ఇటూగా వస్తుంటాయి. స్తంభం తన సొంత లయలో ఊగే కాలం వీటిలో దేనితోనూ కలవకూడదు. అందుకే మూడు, నాలుగు సెకన్ల దగ్గర ఉండేట్టు కడతారు. చిక్కేమిటంటే, కోట్లసార్లు ఊగిన తర్వాత చుట్టూ ఉన్న మట్టి గట్టిపడవచ్చు, మెత్తబడవచ్చు. అప్పుడు లయ కూడా మారుతుంది. ఈ మార్పును ముందుగా అంచనా వేయడం మీదే నేటి పరిశోధన చాలావరకు నడుస్తోంది.

ఇంకొకటి కోత. వాగులో నిలబడితే మడమ కింద ఇసుక జారిపోవడం అందరికీ అనుభవమే. గొట్టం చుట్టూ ప్రవాహం సుడి తిరిగి ఇసుకను అలాగే తోడేస్తుంది. ఆ గుంట లోతు గొట్టం వ్యాసానికి 1.3 రెట్లు ఉంటుందని ఇంజనీర్లు అంచనా కడతారు. ఆరు మీటర్ల గొట్టమైతే దాదాపు ఎనిమిది మీటర్ల గుంట! అందుకే చుట్టూ రాళ్లు పోస్తారు. ఆ రాళ్లకు ఆల్చిప్పలు పట్టుకుంటాయి, పీతలు, చేపలు చేరతాయి. ఇది మంచి వైపు.

చెడు వైపు సుత్తి మోత. నీటిలో శబ్దం చాలా దూరం పోతుంది. డాల్ఫిన్‌ను పోలిన పార్పాయిస్ అనే జంతువు చెవితోనే దారి, తిండి వెతుక్కుంటుంది. డెన్మార్క్‌లో 2002లో హార్న్స్ రెవ్ దగ్గర 80 మరలు, 2003లో నిస్టెడ్ దగ్గర 72 మరలు పెట్టినప్పుడు కట్టకముందు, కడుతున్నప్పుడు, కట్టిన తర్వాత వీటిని గమనించారు. నిస్టెడ్‌లో వెళ్లిపోయిన పార్పాయిస్‌లు కొన్నేళ్లకు కూడా పూర్తిగా తిరిగి రాలేదు. ముందటి లెక్క ఉంది కాబట్టే ఆ మాట అనగలిగారు. జర్మనీలో 750 మీటర్ల దూరాన 160 డెసిబెల్స్ దాటకూడదని నియమం పెట్టారు. నీటిలో డెసిబెల్ కొలత గాలిలోని కొలతకు సమానం కాదు, పోల్చి చూడకండి. మోత తగ్గించడానికి రంధ్రాల గొట్టాన్ని చుట్టూ పరిచి గాలి పంపుతారు. బుడగల తెర లేచి శబ్దాన్ని మింగుతుంది. సుత్తే అవసరంలేని పద్ధతి కూడా ఉంది. బోర్లించిన గంగాళం లాంటి ఉక్కు పాత్రను అడుగున పెట్టి, లోపలి నీటిని పంపుతో తోడితే బయటి నీటి ఒత్తిడే దాన్ని మట్టిలోకి నొక్కుతుంది.

ముందటి లెక్క విలువ మన ప్రాంతానికి తెలిసినట్టు ఇంకెవరికి తెలుసు? పటాన్‌చెరు, బొల్లారంలలో పరిశ్రమలు 1970ల నుంచే వచ్చాయి. పర్యావరణ ప్రభావ అంచనాను తప్పనిసరి చేసిన ప్రకటన మన దేశంలో 1994లో వెలువడింది. ఈలోగా నక్కవాగు చెడిపోయింది, 1990లో విషయం సుప్రీంకోర్టు దాకా పోయింది. నమూనాలు తీయడం, కమిటీలు వేయడం నష్టం జరిగాక చేసిన పనులు.

తెలుగు సముద్రానికి ఉక్కు కాళ్లు కొత్త కాదు. కోనసీమ తీరంలో రవ్వ చమురు క్షేత్రంలో ఎన్నో ఏళ్లుగా వేదికలు నిలిచి ఉన్నాయి. గాలిమరల కోసం మాత్రం కేంద్ర మంత్రివర్గం 2024 జూన్‌లో 7,453 కోట్ల పథకాన్ని గుజరాత్, తమిళనాడు తీరాలకు ఆమోదించింది, చెరొక 500 మెగావాట్లు. ఎప్పటికైనా మన తీరానికి వస్తే అక్కడ హుద్‌హుద్ లాంటి తుఫానులు ఉన్నాయి, గుడ్లు పెట్టడానికి వచ్చే ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఉన్నాయి, ఏప్రిల్ 15 నుంచి 61 రోజులు వేట ఆపుకునే మత్స్యకారులు ఉన్నారు. సుత్తి ఏ నెలలో కొట్టాలన్నది వాళ్లను అడగకుండా తేల్చే విషయం కాదని మా అభిప్రాయం.

పాలిటెక్నిక్‌లో చేరబోయే తమ్ముళ్లు, చెల్లెళ్లకు ఒక మాట. మట్టి ప్రయోగశాలలో జల్లెడ పట్టడం, తేమ కొలవడం, నీరు ఎంత కలిపితే బంకమట్టి జారుతుందో చూడడం మొదట్లోనే నేర్పుతారు. సముద్రపు అడుగు నుంచి గొట్టాల్లో తెచ్చిన మట్టికి కూడా మొదట చేసే పరీక్షలు అవే.