పని చెప్పకండి, అప్పగించండి

"మా పిల్లలు ఇంట్లో పూచికపుల్ల తీసి పక్కన పెట్టరండీ!" ఇద్దరు తల్లులు కలిస్తే ఈ మాట రాకుండా ఉండదు. కానీ పిల్లలు పుట్టుకతో బద్ధకస్తులు కారు. ఫెలిక్స్ వార్నెకెన్, మైకేల్ టొమసెల్లో అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2006లో ప్రచురించిన పరిశోధన ఒకటుంది. ఒకాయన దండెం మీద బట్టలు ఆరేస్తూ క్లిప్పు జారవిడుస్తాడు. వంగి చెయ్యి చాపుతాడు, అందదు. ఆ గదిలో ఉన్నది ఏడాదిన్నర వయసు పసివాళ్లు. ఇమ్మని వాళ్లనెవరూ అడగలేదు, ఇస్తే ఏదో పెడతామని ఆశ చూపలేదు. అయినా చాలామంది బుడిబుడి అడుగులతో వెళ్లి క్లిప్పు తీసి చేతికిచ్చారు. అదే క్లిప్పును ఆయన కావాలని విసిరేస్తే మాత్రం అంతగా పట్టించుకోలేదు. అవతలి మనిషికి అవసరం ఉందో లేదో కనిపెట్టి కదిలే గుణం, మాటలు పూర్తిగా రాని వయసులోనే ఉందన్నమాట.

మరి పన్నెండేళ్లు వచ్చేసరికి ఆ గుణం ఏమైపోతుంది? మన వంటింటి గుమ్మం దగ్గరే ఆగిపోతుంది. మూడేళ్ల పిల్ల చపాతీ పిండి మీద చెయ్యి వేస్తే "అంతా పాడుచేస్తావ్, వెళ్లి ఆడుకో" అంటాం. ఐదేళ్లవాడు మంచినీళ్లు తెస్తానంటే "ఒలకబోస్తావ్, వద్దు" అని ఫోన్ చేతిలో పెట్టి కూర్చోబెడతాం. బడికెళ్లడం మొదలయ్యాక "నువ్వు చదువుకో నాన్నా, మిగతావన్నీ నేను చూసుకుంటా" అని మాటిచ్చేస్తాం. పదేళ్లపాటు ఇలా పక్కకు పంపించి, పదమూడో ఏట ఒక్కసారిగా "ఇంత ఎదిగావు, అమ్మకు సాయం చేయాలని తెలీదా?" అంటే వాళ్లకు ఎక్కణ్నుంచి తెలుస్తుంది?

కాబట్టి పసివయసులో చేయాల్సింది ఒక్కటే: పనిలోకి వచ్చిన చేతిని వెనక్కి నెట్టకపోవడం. మరియా మాంటిస్సోరి 1907లో రోమ్‌లో పేదవాడలోని పిల్లల కోసం బడి తెరిచినప్పుడు ఊడవడం, నీళ్లు వంపడం, గుండీలు పెట్టుకోవడం వంటి పనులనే చదువులో భాగం చేశారు. సామాను పిల్లల ఎత్తుకు సరిపడా చేయించారు. 1939లో మద్రాసు వచ్చి అడయార్‌లో మన ఉపాధ్యాయులకూ ఆ పద్ధతి నేర్పారు. మన ఇంట్లో ఆపాటి మార్పుకు ఖర్చేమీ లేదు. కంచాలూ గ్లాసులూ పై అరలోంచి కింది అరలోకి దించండి. టవల్, స్కూల్ బ్యాగు తగిలించుకోవడానికి వాళ్ల భుజం ఎత్తున రెండు మేకులు కొట్టండి. అందుబాటులో లేని వస్తువుకు బాధ్యత వహించమనడం న్యాయం కాదు.

ఇక అసలు విషయానికి వద్దాం. "ఆ రిమోట్ అందుకో", "కిందికెళ్లి పాలప్యాకెట్ పట్రా", "చెల్లిని పిలు" అని మనం రోజంతా పిల్లలకు పనులు పురమాయిస్తూనే ఉంటాం. అవన్నీ చేసే పిల్లలకు కూడా బాధ్యత అలవడదు. పాలు అయిపోయాయని గమనించింది మీరు, గుర్తుపెట్టుకుంది మీరు, ఎప్పుడు తేవాలో తేల్చింది మీరు. వాళ్లు ఇచ్చింది కాళ్లు మాత్రమే. పనిలో బరువంతా ఆలోచనలోనే ఉంది. ఆ బరువు పిల్లల నెత్తికి ఎత్తనంత కాలం వాళ్లు ఎదురుచూసేది మన కేక కోసమే.

ఒక పదేళ్ల పిల్లకు ఇంటి మీద నీళ్ల ట్యాంకు అప్పగించారనుకోండి. మోటారు వేయమని ప్రతిసారీ చెప్పడం వేరు, "ఇకనుంచి ట్యాంకు నీ పూచీ" అనడం వేరు. మొదటి వారం పక్కనే ఉండి చూపించండి. కుళాయి ధార సన్నబడితే దాని అర్థమేమిటి, మోటారు వేశాక ట్యాంకు నిండడానికి ఎంతసేపు పడుతుంది, నిండి పొర్లేటప్పుడు గొట్టం శబ్దం ఎలా మారుతుంది, కరెంటు పోయే వేళలుంటే ముందే ఎలా నింపుకోవాలి. స్విచ్ పొడిచేతులతోనే ముట్టుకోవాలని నేర్పండి. వైర్లు బయటికి వేలాడే స్టార్టర్ పెట్టె ఉన్న ఇంట్లో మాత్రం ఈ పని పిల్లలకు వద్దు. తర్వాత మీరు తప్పుకోండి. ఒకరోజు ఆ పిల్ల మరిచిపోతుంది, మరిచిపోయి తీరుతుంది. వాళ్ల నాన్న మొహానికి సబ్బు రాసుకుని ఉండగా కుళాయిలో గాలి బుసకొడుతుంది. పరీక్ష అప్పుడు ఆ పిల్లకు కాదు, మనకు. అరవకుండా, "నేను ముందే చెప్పానా" అనకుండా "అమ్మలూ, నీళ్లు ఆగిపోయాయి, ఇప్పుడేం చేద్దాం?" అని మాత్రం అడగండి. పరుగెత్తుకెళ్లి మోటారు వేస్తుంది, బకెట్లో ఉన్న నీళ్లు తెచ్చి నాన్నకిస్తుంది. మర్నాడు పళ్లు తోముకుంటూ కుళాయి ధార వైపు చూసే చూపే వేరుగా ఉంటుంది. ఎన్ని ఉపన్యాసాలు చెప్పినా ఆ చూపు రాదు.

ఇలాంటి పనులు ప్రతి ఇంట్లో ఉన్నాయి. ఆరేళ్లవాడికి భోజనాల వేళ కంచాలు వేయడం, మొక్కలకు నీళ్లు పోయడం. ఎనిమిదేళ్లకు దండెం మీది బట్టలు తీసి మడతపెట్టి ఎవరి అరలో వాళ్లవి సర్దడం. పన్నెండేళ్లకు బియ్యం కడిగి కుక్కర్లో ఎసరు కొలవడం, పచారీ సామాన్లలో ఏవి నిండుకున్నాయో చూసి చీటీ రాయడం. గ్యాస్ పొయ్యి, కత్తిపీట జోలికి మాత్రం పెద్దవాళ్లు పక్కన లేకుండా వెళ్లనివ్వకండి. ఒక్కొక్కరికి ఒకటో రెండో చాలు, కానీ అవి పూర్తిగా వాళ్లవే కావాలి.

అప్పగించాక మనం చేసే పెద్ద పొరపాటు మళ్లీ సర్దడం. పిల్లాడు దుప్పటి మడతపెట్టి అటు తిరగ్గానే అమ్మ దాన్ని విప్పి మళ్లీ మడతపెడుతుంది. ఆమె ఒక్క మాటా అనదు, కానీ పిల్లాడు చూస్తాడు. "నేను చేసినా లెక్కలోకి రాదు" అని వాడికి అర్థమైపోతుంది. మడత వంకరగా ఉన్నా ఆ రాత్రికి అలాగే కప్పుకోండి. సరైన పద్ధతి చూపించాలంటే మర్నాడు ఇద్దరూ చెరో కొసా పట్టుకుని మడవండి.

లంచ్ బాక్సు సంగతి కూడా అంతే. సాయంత్రం సంచిలోంచి తీసి సింకులో వేయడం వాడి పని అని చెప్పాక, రోజూ మీరే సంచి వెతికి తీస్తే అది మీ పనే అవుతుంది. ఒక రాత్రి సంచిలోనే ఉండిపోనివ్వండి. పొద్దున మూత తీస్తే పెరుగన్నం పులిసిన కంపు వాడే చూస్తాడు, వాడే తోముతాడు. అన్నం మాత్రం మాన్పించకండి, ఇంకో డబ్బాలో పెట్టి పంపండి. పిల్లలకు అనుభవం రావాలి గానీ అవమానం జరగకూడదు.

గదులు ఊడిస్తే పది రూపాయలు, గిన్నెలు సర్దితే చాక్లెట్ అని బేరం పెట్టేవాళ్లున్నారు. దయచేసి ఆ దారి పట్టకండి. వార్నెకెన్, టొమసెల్లో 2008లో మరో పరిశోధన చేశారు. ఇరవై నెలల పిల్లల్లో కొందరికి సాయం చేసినప్పుడల్లా బహుమతి ఇచ్చారు, కొందరికి ఏమీ ఇవ్వలేదు. ఆ తర్వాత ఎవరికీ ఏమీ ఇవ్వనప్పుడు, బహుమతికి అలవాటుపడ్డ పిల్లలే తక్కువగా సాయం చేశారు. డబ్బు వాడకం నేర్పాలనుకుంటే పాకెట్ మనీ విడిగా ఇవ్వండి. "ఈవేళ నువ్వు బట్టలు తీశావు కాబట్టే వానకు తడవలేదురా" అన్న మాట చాలు.

ఇది రాయకుండా ఉండలేను. చాలా ఇళ్లలో ఈ పాఠాలన్నీ ఆడపిల్లకే. అక్క గిన్నెలు కడుగుతుంటే తమ్ముడు క్రికెట్ చూస్తాడు, ఎవరికీ వింతగా అనిపించదు. 2019లో మన దేశంలో జరిగిన సమయ వినియోగ సర్వే ప్రకారం ఇంటి పని చేసే మగవాళ్లు సగటున రోజుకు 97 నిమిషాలు అందుకు వెచ్చిస్తే, ఆడవాళ్లు 299 నిమిషాలు వెచ్చించారు. ఈ తేడా పెళ్లయ్యాక మొదలైంది కాదు, ఎనిమిదేళ్ల వయసులో మన సింకు దగ్గర మొదలైంది. తండ్రి భోంచేసిన కంచం తనే తీస్తే కొడుకు తీస్తాడు. ఇంకో వైపు, తమ్ముళ్లను సాకడానికి, నీళ్లు మోయడానికి బడి మానేసే ఆడపిల్లలున్నారు. అది బాధ్యత నేర్పడం కానే కాదు, బాల్యాన్ని లాక్కోవడం. పిల్లల పని వాళ్ల చదువునూ ఆటనూ నిద్రనూ మింగకూడదు.

"పదో తరగతి కదండీ, ఇప్పుడెలా?" అంటారు. పరీక్షల ఏడాది పని తగ్గించండి, పూర్తిగా ఎత్తేయకండి. పరీక్షలవగానే ఎంతోమంది పిల్లలు ఇంటర్ హాస్టళ్లకు వెళ్తారు. సాక్సులు ఉతుక్కోవడం, పక్క సర్దుకోవడం అక్కడ మొదటిసారి నేర్చుకోవాల్సి వస్తే, ఇంటి మీద బెంగకు అదొకటి తోడవుతుంది. డల్లాస్ చేరాక అమ్మకు వీడియో కాల్ చేసి పప్పుకు ఎన్ని విజిల్స్ అని అడిగే కుర్రాళ్లు ప్రతి బంధువర్గంలోనూ ఉన్నారు.

మీ వాడికి ఇప్పటికే పద్నాలుగేళ్లొచ్చి, ఇంతవరకూ ఏ పనీ ముట్టలేదా? కోప్పడి మొదలుపెట్టకండి. కూర్చోబెట్టి సూటిగా చెప్పండి: "ఇంతకాలం నీకు ఏదీ అప్పగించలేదు. ఇకనుంచి మా అందరికీ నీ సాయం కావాలి. ఏం తీసుకుంటావు?" నాలుగు పనులు చెప్పి ఎంచుకోనివ్వండి. వంట వైపు మొగ్గితే ఆదివారం టిఫిన్ వాడికిచ్చేయండి. మొదటి వారం ఉప్మా ఉండకడుతుంది. అందరూ కూర్చుని తినండి, వంక పెట్టకండి. రెండో వారం నీళ్లు ఎన్ని పోయాలని వాడే వచ్చి అడుగుతాడు. అప్పుడు చెప్పండి: గ్లాసు రవ్వకు రెండున్నర గ్లాసులు, ఎసరు మరిగాకే రవ్వ, గరిటె ఆపకుండా తిప్పుతూ సన్నగా పోయాలని.