నిదానమునకు నిదానము: లైవ్ లినక్సు ఆలస్యముపై ఒక పాఠము

తెలుగులో ‘నిదానము’ అను మాటకు రెండర్థములు కలవు. ఒకటి మందగమనము. రెండవది ఆయుర్వేదమున వాడబడునది: రోగమునకు మూలకారణము, ఆ కారణమును నిర్ణయించు విధానము. కంప్యూటరు మీట నొక్కిన పిమ్మట పని మొదలగుటకు మూడు నాలుగు నిమిషములు పట్టుచున్నచో మొదటి నిదానము అందరికిని కనబడును. రెండవ నిదానము చేయకుండగనే మందు వేయుట మాత్రము మనలో చాలమందికి అలవాటు. పెన్‌డ్రైవు నుండి నడపబడు లైవ్ లినక్సును ఉదాహరణగా గొని, ఆలస్యమునకు కారణము కనుగొను పద్ధతిని విద్యార్థులకు వివరించుట ఈ వ్యాసము ఉద్దేశము.

లైవ్ ఇమేజి అనగానేమి?

లినక్సు కెర్నలును 1991లో ఫిన్లండు దేశపు విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ వెలువరించెను. సాధారణముగా ఆపరేటింగ్ సిస్టమును హార్డుడిస్కుపై స్థాపించి వాడుదుము. అట్లు స్థాపింపక, సీడీ నుండి గాని పెన్‌డ్రైవు నుండి గాని సరాసరి నడపదగిన రూపమును లైవ్ ఇమేజి అందురు. జర్మనీకి చెందిన క్లౌస్ నాపర్ 2000లో విడుదల చేసిన ‘నాపిక్స్’ ఈ పద్ధతికి విశేష ప్రచారము తెచ్చినది.

తెలుగువారు ఈ విషయమున వెనుకబడి ఉండలేదు. తొలుత ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ ఆంధ్రప్రదేశ్ అను పేరుగల సంస్థ తరువాత ‘స్వేచ్ఛ’ అను పేరు ధరించినది. 2005లో విడుదలయిన తెలుగు ఆపరేటింగ్ సిస్టము పేరును ‘స్వేచ్ఛ’యే. 2007లో సీడాక్ సంస్థ ‘బాస్’ అను లినక్సును వెలువరించి భారతీయ భాషలకు అందు చోటు కల్పించినది. నేడు ఏ కళాశాలయైనను డెబియన్‌ను ఆధారముగా గొని, ‘లైవ్-బిల్డ్’ అను ఉపకరణముతో, తెలుగు, ఉర్దూ లిపులను, తన పాఠ్యసామగ్రిని చేర్చి, తన ఇమేజిని తానే నిర్మించుకొనవచ్చును.

నాగాయలంక, కోడూరు వంటి దివిసీమ గ్రామముల నుండి బస్సులో బందరు వచ్చు విద్యార్థికి ఇంట కంప్యూటరు లేకపోవచ్చును. జేబులో పెన్‌డ్రైవు ఉన్నచో, ఏ లాబొరేటరీలో ఏ పాత యంత్రము దొరకినను, తన భాషలో, తన పాఠములతో కూడిన వ్యవస్థ అతని ముందు నిలుచును. కాని యాభై నిమిషముల పీరియడులో నాలుగు నిమిషములు తెర వెలుగుటకే పోయి, నడుమ కరెంటు పోయి వచ్చినప్పుడు మరల నాలుగు నిమిషములు పోయినచో విసుగు పుట్టును. అప్పుడు వినబడు మొదటి మాట ఇది: “తెలుగు, ఉర్దూ చేర్చినందువలననే బరువెక్కినది, అవి తీసివేయుడు.” కొలత లేని ఈ నింద భాషపై పడి, ఇమేజి తిరిగి ఇంగ్లీషు మాత్రమే గలదగును. కావున ఆలస్యమునకు కారణము కనుగొనుట యంత్రమునకు సంబంధించిన చిన్న విషయము మాత్రమే కాదు.

కాలువ నేర్పు పద్ధతి

మన డెల్టాకు నీరు విజయవాడ నుండి వచ్చును. అచ్చట 1855లో ఆనకట్ట పూర్తియైనది. 1957లో ప్రకాశం బ్యారేజీ పూర్తియైనది. ఒక కాలువ బందరు వైపు సాగును. దివిసీమకు నీరు పులిగడ్డ అక్విడక్టు మీదుగా చేరును. శివారు పొలమునకు నీరందనప్పుడు బ్యారేజీని నిందించిన ప్రయోజనము లేదు. కాలువ గట్టు వెంట నడచి, ఏ లాకు వద్ద ఎగువన నీరుండి దిగువన లేదో చూడవలెను. అడ్డంకి అచ్చటనే కలదు. లస్కరు చేయు పని ఇదియే.

బూటు ప్రక్రియను గూడ ఇట్లే ఐదు లాకులుగా విభజింపవచ్చును.

1. ఫర్మ్‌వేర్: యంత్రములో నుండు బయోస్ లేక యూఈఎఫ్ఐ, పరికరములను పరీక్షించి పెన్‌డ్రైవును గుర్తించును.

2. బూట్‌లోడర్: గ్రబ్ లేక ఐసోలినక్స్ పట్టికను చూపి, కెర్నలును స్మృతిలోనికి తెచ్చును.

3. కెర్నలు, ఇనిట్రామ్‌ఎఫ్ఎస్: కెర్నలు మేల్కొని, ఒక చిన్న తాత్కాలిక వ్యవస్థ సాయముతో అసలు వ్యవస్థ ఎచ్చట నున్నదో వెదకును.

4. స్క్వాష్‌ఎఫ్ఎస్: కుదించి భద్రపరచిన అసలు వ్యవస్థ తెరువబడును. దానిపై, వ్రాతలన్నియు ర్యామ్‌లో నిలుచునట్టి పలుచని పొర పరువబడును.

5. సిస్టమ్‌డీ: సేవలన్నిటిని ప్రారంభించి, చివరకు డెస్క్‌టాపును చూపును.

ముందు కొలత

మొదటి రెండు లాకులకు గడియారమే సాధనము. మీట నొక్కినప్పటి నుండి పట్టిక కనబడువరకు ఒక కాలము, పట్టిక నుండి కెర్నలు మొదటి పంక్తి వరకు మరొక కాలము వ్రాసికొనవలెను. పట్టికలో బూటు పంక్తి నుండి ‘క్వయట్’, ‘స్ప్లాష్’ అను రెండు మాటలు తొలగించినచో అందమైన చిత్రము మాయమై, జరుగుచున్న పని పంక్తులుగా కనబడును.

వ్యవస్థ లేచిన పిమ్మట టెర్మినలులో మూడు ఆదేశములు ఉపయోగపడును. ‘డీమెసేజ్’ (టైపు చేయునప్పుడు ‘డీఎంఈఎస్‌జీ’ అను ఐదక్షరములు) కెర్నలు పలికిన పంక్తులను ఎడమవైపు సెకన్లతో సహా చూపును. రెండు పంక్తుల నడుమ కాలము ఒక్కసారిగా దూకిన చోట వ్రేలు పెట్టవలెను. రెండవది ‘సిస్టమ్‌డీ-అనలైజ్’. ఇది కెర్నలుకు, సేవలకు పట్టిన మొత్తమును విడివిడిగా చెప్పును. దీనికే ‘బ్లేమ్’, అనగా నింద, అను మాట చేర్చినచో ఏ సేవకు ఎంత కాలము పట్టినదో పెద్దది మొదలు చిన్నది వరకు జాబితా వచ్చును.

ఇచ్చట ఒక హెచ్చరిక. ఈ నిందాపట్టికను చూచి తీర్పు చెప్పరాదు. సేవలు ఒకదాని పక్క ఒకటి ఏకకాలమున నడచును. పిల్లకాలువలన్నియు ఒకేసారి నిండునట్లు, ఇరువది సెకన్లు పట్టిన సేవ ఎవ్వరిని ఆపకుండ పక్కన నడచి ఉండవచ్చును. ఎవరి కొరకు ఎవరు నిలిచిరో తెలియవలెనన్నచో మూడవ ఆదేశమైన ‘సిస్టమ్‌డీ-అనలైజ్ క్రిటికల్-చైన్’ చూడవలెను. నిజమైన కారణము ఆ గొలుసులో నుండును.

పనియా? ఎదురుచూపా?

ఆలస్యము రెండు విధములు. యంత్రము నిజముగా పని చేయుచు ఆలస్యమగుట ఒకటి. రానిదాని కొరకు ఎదురుచూచుచు ఆలస్యమగుట రెండవది. వీనిని వేరుచేయు గుర్తులు రెండు కలవు. పెన్‌డ్రైవుకు చిన్న దీపమున్నచో అది మినుకుమినుకుమనుచున్నంతసేపు చదువు సాగుచున్నదని, ఆరి యున్నచో ఎదురుచూపని సాధారణముగా గ్రహింపవచ్చును. రెండవ గుర్తు సంఖ్య. ఆలస్యము సరిగా 30, 90, 120 సెకన్ల వంటి గుండ్రని సంఖ్యగా, ప్రతిసారియు ఒకే విధముగా ఉన్నచో అది పని కాదు, గడువు. ఎవరో ఒకరు నిర్ణయించిన గడువు ముగియువరకు యంత్రము వాకిట నిలుచున్నదన్నమాట.

ఎదురుచూపులలో తరచుగా కనబడునవి ఇవి. నిర్మాత తన కంప్యూటరులో స్థాపించిన వ్యవస్థనే ఇమేజిగా మార్చినప్పుడు ఆ కంప్యూటరు డిస్కు చిరునామాలు లోపలనే నిలిచిపోవును. ‘ఎఫ్ఎస్‌ట్యాబ్’ పట్టికలో అట్టి డిస్కు ఒకటి మిగిలినచో, లేని డిస్కు కొరకు సిస్టమ్‌డీ 90 సెకన్లు వేచియుండును. నిద్రాణస్థితి నుండి లేచుటకు వాడు స్వాప్ విభాగపు చిరునామా ఇనిట్రామ్‌ఎఫ్ఎస్‌లో మిగిలినచో అచ్చట మరికొంత కాలము పోవును. మొదటిదానికి ఆ పంక్తిని తుడిచివేయుట, రెండవదానికి ‘రెజ్యూమ్’ విలువను ‘నన్’ అని వ్రాసి ఇనిట్రామ్‌ఎఫ్ఎస్‌ను మరల నిర్మించుట చికిత్సలు. ఇక నెట్‌వర్కు. నెట్‌వర్కు సిద్ధమగువరకు ఆగు ‘వెయిట్-ఆన్‌లైన్’ సేవకు సిస్టమ్‌డీ-నెట్‌వర్క్‌డీలో సహజమైన గడువు 120 సెకన్లు. కేబులు లేని లాబొరేటరీలో ఆ రెండు నిమిషములును వృథాయే. ఆ సేవను నిలిపివేయవచ్చును.

బూట్‌లోడరు పట్టికలో గూడ ఒక చిక్కు కలదు. ఐసోలినక్స్‌లో గడువును సెకనులో పదియవ వంతులుగా వ్రాయుదురు. గ్రబ్‌లో సెకన్లుగా వ్రాయుదురు. మొదటి దానిలో 300 అనగా అర నిమిషము. అదే సంఖ్యను రెండవ దానిలో వ్రాసినచో ఐదు నిమిషములు!

పనివలన కలుగు ఆలస్యము

మాధ్యమపు వేగము మొదటిది. 52 రెట్ల సీడీ డ్రైవు సెకనుకు గరిష్ఠముగా సుమారు 7.8 మెగాబైట్లు చదువును. యూఎస్‌బీ 2.0 ద్వారా ఆచరణలో సుమారు 30 మెగాబైట్లు వచ్చును. ఇమేజిని మొత్తముగా ర్యామ్‌లోనికి తెచ్చు ‘టు ర్యామ్’ పద్ధతిలో 1,500 మెగాబైట్ల ఇమేజికి ఈ లెక్కన 50 సెకన్లు పట్టును. ఆ పిమ్మట పని చురుకుగా సాగును గాని, ర్యామ్ తక్కువైన యంత్రములకు ఇది తగదు. యంత్రమునకు నీలిరంగు యూఎస్‌బీ 3.0 రంధ్రమున్నచో, దానికి తగిన పెన్‌డ్రైవును అందే పెట్టవలెను.

రెండవది కుదింపు. స్క్వాష్‌ఎఫ్ఎస్‌ను ఎక్స్‌జెడ్ పద్ధతిలో కుదించినచో ఇమేజి మిక్కిలి చిన్నదగును. కాని విప్పుటకు పాత ప్రాసెసరు చాల శ్రమపడును. 2016లో విడుదలయిన జెడ్‌స్టాండర్డ్ పద్ధతిని కెర్నలు 4.14 నుండి స్క్వాష్‌ఎఫ్ఎస్‌లో వాడవచ్చును. ఇమేజి కొంత పెరిగినను విప్పుట ఎంతో వేగముగా జరుగును. సీడీలో 700 మెగాబైట్లలో ఇరికించవలసిన రోజులలో చిన్నదనమే గొప్ప. నేటి పెన్‌డ్రైవుకు ఆ నిర్బంధము లేదు.

మూడవది పరీక్ష. ఉబుంటు 20.04 నుండి లైవ్ ఇమేజి ప్రతి బూటులోను తన ఫైళ్లన్నిటిని సరిచూచుకొనును. కొత్తగా వ్రాసిన పెన్‌డ్రైవును ఒకసారి పరీక్షించుట మంచిదే. ప్రతిదినము అవసరము లేదు. బూటు పంక్తిలో తగిన మాట చేర్చి దానిని దాటవేయవచ్చును.

జ్ఞాపకము లేని వ్యవస్థ

ఇప్పుడు ముఖ్యమైన విషయమునకు వత్తము. హార్డుడిస్కుపై స్థాపించిన వ్యవస్థ కొన్ని పనులను మొదటి దినముననే చేసి ఫలితమును దాచుకొనును. లైవ్ వ్యవస్థ వ్రాసిన దంతయు ర్యామ్‌లోని పలుచని పొరలో నుండి, కరెంటు పోగానే మాసిపోవును. కావున మొదటి దినపు పనులను అది ప్రతిదినము మరల చేయును.

తెలుగు, ఉర్దూలపై పడిన నింద ఇచ్చట విచారణకు వచ్చును. డెబియన్ లైవ్ వ్యవస్థను తెలుగులో లేపుమని బూటు పంక్తిలో కోరి, ఆ భాషకు సంబంధించిన ‘లొకేల్’ లోపల సిద్ధముగా లేనిచో, అది అప్పటికప్పుడు తయారుచేయబడును. ఫాంట్ల విషయము గూడ ఇంతే. అనేక తెలుగు ఫాంట్లు, నస్తాలీఖ్ ఉర్దూ ఫాంట్లు చేర్చి, ఫాంట్ల సూచికను ముందుగా నిర్మింపనిచో, డెస్క్‌టాపు లేచునప్పుడెల్ల అన్నిటిని మరల చదివి సూచిక వ్రాసికొనును. చూచువారికి భాషయే బరువని తోచును. నిజమునకు బరువు భాషది కాదు. నిర్మాణవేళ చేయవలసిన పనిని వాడుకవేళకు వదలుటది.

దీనికి చికిత్స సులభము. ఇమేజిని నిర్మించునప్పుడే, లైవ్-బిల్డ్ లోని ‘హుక్’ అను చిన్న ఆదేశపత్రములో లొకేల్‌ను తయారుచేయించి, ‘ఎఫ్‌సీ-క్యాష్’ ద్వారా ఫాంట్ల సూచికను వ్రాయించి, పిమ్మట స్క్వాష్‌ఎఫ్ఎస్‌ను కుదించవలెను. ఒక్క తెలుగు ఫాంటు, ఒక్క నస్తాలీఖ్ ఫాంటు చాలినచోట పదులకొలది చేర్చవలదు. అటుపై రెండు భాషలును గల ఇమేజికి, ఇంగ్లీషు మాత్రమే గల ఇమేజికి బూటు కాలములను ప్రక్కప్రక్కన కొలిచి చూడుడు. మిగిలిన భేదము భాషను తొలగించుటకు తగినంత పెద్దదో కాదో అప్పుడు చెప్పవచ్చును.

విద్యార్థులకు సూచనలు

ఒక్కసారి ఒక్క మార్పు మాత్రమే చేయుడు. ప్రతి మార్పునకు ముందు మూడు సార్లు, తరువాత మూడు సార్లు కొలిచి నోటుపుస్తకములో వ్రాయుడు. మూడు మార్పులు కలిపి చేసినచో ఏది ఫలించినదో తెలియదు. ఇమేజిని నిర్మించిన కొత్త కంప్యూటరులో పరీక్షించి తృప్తిపడవలదు. లాబొరేటరీలోని మిక్కిలి పాత యంత్రముపై, మిక్కిలి చవకైన పెన్‌డ్రైవుతో పరీక్షించుడు. శివారు పొలమునకు నీరందినప్పుడే కాలువ బాగున్నట్లు లెక్క.

ఈ పద్ధతి లినక్సుకు మాత్రమే పరిమితము కాదు. ఏ ఆలస్యమునైనను భాగములుగా విభజించుట, కొలుచుట, పనిని ఎదురుచూపు నుండి వేరుచేయుట, అటుపై మాత్రమే దోషమును ఒకరికి ఆపాదించుట విద్యావంతుని లక్షణము. కొలత లేని నింద సాధారణముగా బలహీనునిపై పడును. మన లాబొరేటరీలలో ఆ బలహీనత మన మాతృభాషలది. వానిపై పడిన నిందను కొలతతో తొలగింపగల శక్తి నేడు విద్యార్థుల చేతనే కలదు.