అరబ్బు వైద్యమునందలి మూలికలు: వైరసు జ్వరములలో వాని తోడ్పాటు

పడిసెము, దగ్గు, జ్వరము కలిగినపుడు మన యిండ్లలో వాడు అతిమధురము, నల్లజీలకర్ర, తేనె మొదలగువానిని అరబ్బు భాషలో వ్రాసిన వైద్యులు వేయి సంవత్సరములకు పూర్వమే తమ గ్రంథములలో వర్ణించిరి. ఆ వైద్యమే మన దేశమున యునానీ యను పేర వ్యాపించినది. హైదరాబాదులో చార్మినారు చెంతనున్న నిజామియా వైద్యశాల దీనికి చెందినదే.

పారశీకదేశపు రే నగరమున జన్మించిన అల్ రాజీ, మశూచికమును తట్టునుండి వేరుపరచి గ్రంథము వ్రాసెను. రోగి కన్నులను, గొంతును కాపాడవలసిన విధమును గూడ అందు తెలిపెను. ఆ గ్రంథమెంత గొప్పదైనను, మశూచికము భూమిపై నశించుటకు టీకాలే కారణము. ఆ రోగము తొలగిపోయినదని 1980లో ప్రపంచారోగ్యసంస్థ ప్రకటించినది. కావున రోగికి ఉపశమనము కలిగించుట యొకటి, రోగమును నిర్మూలించుట వేరొకటి యని రైతు సోదరులు గ్రహింపవలయును.

ఇక కొన్ని మూలికలను గూర్చి తెలిసికొందము.

1. అతిమధురము: యునానీ వైద్యులు బనఫ్షా పూవులు, బంక నక్కెరకాయలు మొదలగువానితో దీనిని కాచి, జోషాందా యను కషాయముగా పడిసెమునకు ఇత్తురు. దీని సారము సార్స్ వైరసును అడ్డగించినట్లు 2003లో ప్రయోగశాలలో కనుగొనిరి. అయితే గాజుపాత్రలో జరిగినది మనుష్యదేహమునందును జరుగునని చెప్పరాదు. దీనిని ఎక్కువగా వాడిన రక్తపోటు హెచ్చును. రక్తపోటు గలవారును, గర్భిణులును దీనిని మానుట మంచిది.

2. తేనె: పిల్లల దగ్గును కొంత తగ్గించునని పరీక్షలలో తేలినది. కాని ఏడాది నిండని శిశువునకు చుక్కయైనను నాకింపరాదు. బొటులిజమను ప్రాణాంతకమగు వ్యాధి కలుగవచ్చును.

3. నల్లజీలకర్ర: అరబ్బులు దీనిని హబ్బతుస్సౌదా యందురు. హదీసులలో దీనికి గొప్ప ప్రశంస గలదు. వంటలో వాడునంత మాత్రము పుచ్చుకొనవచ్చును.

4. సునాముఖి: ఇది విరేచనకారి. 2020లో కోవిడ్ వ్యాపించినపుడు పాకిస్తానులో దీనికి మిక్కిలి గిరాకి కలిగినది. కాని జ్వరమున దేహములోని నీరు తగ్గియున్న వేళ విరేచనములు కలిగించుట హానికరము. దీనిని జ్వరమునకు వాడరాదు.

వైరసు జ్వరమున రోగికి ముఖ్యముగా కావలసినవి విశ్రాంతి, గంజి, మజ్జిగ, ఓ.ఆర్.ఎస్. ద్రావణము. గోరువెచ్చని కషాయము గొంతునకు హాయి నిచ్చును. అంతవరకే దాని పని.

డెంగ్యూ విషయమున మిక్కిలి జాగరూకత వలయును. ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ మాత్రలు వాడినచో రక్తస్రావ భయము గలదు. జ్వరము తగ్గినదని సంతోషించు దినములలోనే అపాయము రావచ్చును. తీవ్రమగు కడుపునొప్పి, ఎడతెగని వాంతులు, చిగుళ్లనుండి రక్తము, ఆయాసము, అతినిద్ర, మూత్రము తగ్గుట, వీనిలో నొక్కటి కనిపించినను కషాయము కాచుచు కూర్చుండక, వెంటనే రోగిని ఆసుపత్రికి చేర్పవలయును. కోతలు, నాట్లు అడ్డువచ్చినను ఆలస్యము చేయరాదు. ఏ మూలిక వాడుచున్నదియు వైద్యునకు దాచక చెప్పవలయును.

సభ్యులు ఈ లక్షణములను ఇంటిలోని స్త్రీలకును, వృద్ధులకును చదివి వినిపింతురుగాక.