ధర్మశాస్త్రమును వ్రాసిన చేతులు

చదువవలసిన భాగములు: ద్వితీయోపదేశకాండము 31:9-26, 34:1-12, యిర్మీయా 36వ అధ్యాయము, నెహెమ్యా 8:1-8



మన గ్రామములలో బిడ్డను పట్నమునకు పంపని యిల్లు ఇప్పుడు అరుదు. పూర్వము మన యువకులు బోర్డింగు స్కూలునకును టీచరు ట్రెయినింగునకును పోయెడివారు. ఇప్పుడు హైదరాబాదులోని మాదాపూరు, గచ్చిబౌలి, కొండాపూరు తట్టునకు పోవుచున్నారు. 1998లో అక్కడి బండల నడుమ సైబర్ టవర్స్ అను భవనము తెరువబడినది. నాటినుండి ఆ ప్రాంతమునకు హైటెక్ సిటీ అను పేరు స్థిరపడినది. రాత్రియనక పగలనక మన బిడ్డలు అక్కడ కంప్యూటర్ల యెదుట పని చేయుచున్నారు.

గత వర్షాకాలమున మా సంఘ పెద్ద ఒకరు మాపటివేళ మా యింటికి వచ్చి, చాలసేపు ఏమియు పలుకక కూర్చుండిరి. తుదకు, "అయ్యగారూ, మావాడు మోషే ధర్మశాస్త్రము వ్రాయలేదంటున్నాడు. అదే అబద్ధమైతే తక్కినదంతా అబద్ధమే గదా అంటున్నాడు. ఇంటికి రావద్దని చెప్పేశాను. రెండు నెలలైంది మాటలు లేక. మీరు పోయి వాణ్ణి గద్దించి రండి" అనిరి.

మేము పోతిమి. మెట్రో రైలు దిగి, అడుగుచు అడుగుచు ఆ యబ్బాయి యుండు హాస్టలు చేరితిమి. ఒక గదిలో నాలుగు మంచములు. తల్లి యిచ్చిన బైబిలు గూటిలోనే యున్నది. మేము వచ్చిన పని ప్రకారము గద్దించితిమి. అతడు తల వంచుకొని అంతయు విని, "అయ్యగారూ, సెమినరీలో మీకు ఈ సంగతులు చెప్పలేదా?" అని అడిగెను.

మేము మౌనముగా నుంటిమి. ఏలయనగా మాకు చెప్పిరి. మేము వాటిని నోటుపుస్తకములలో వ్రాసికొని, పరీక్షలు వ్రాసి, ఆ పుస్తకములను పెట్టెలో పెట్టితిమి. బలహీనులు తొట్రిల్లుదురేమో యని ఇరువది యేండ్లు ప్రసంగపీఠము మీద ఆ మాట యెత్తలేదు. గనుక తన కాపరి నోట వినవలసిన సంగతిని ఆ బిడ్డ నడిరాత్రివేళ ఫోనులో, దేవుని వాక్యమును ఎగతాళి చేయువారి నోట వినవలసి వచ్చెను. తప్పు అతనిది కాదు. ఈ పాఠము మేము సంఘమునకు చెల్లింపవలసిన పాత బాకీ.

1. గ్రంథము తన్నుగూర్చి తానే యేమి చెప్పుచున్నది?

మోషే వ్రాసెనని ధర్మశాస్త్రమే చెప్పుచున్నది. నిర్గమకాండము 24:4, సంఖ్యాకాండము 33:2, ద్వితీయోపదేశకాండము 31:9 చూడుడి. ఆయన వ్రాసి యాజకుల కప్పగించెను. ఇది మొదటి సాక్ష్యము, దీనిని విడువరాదు.

అయితే అదే గ్రంథములో మరికొన్ని సంగతులును గలవు. ద్వితీయోపదేశకాండము కడపటి అధ్యాయములో మోషే మరణమును, ఆయన సమాధి యెక్కడనో నేటివరకు ఎవరికిని తెలియదను మాటయు నున్నవి. సంఖ్యాకాండము 12:3లో మోషే భూమిమీద నున్న వారందరిలో సాత్వికుడని యున్నది. సాత్వికుడు తన్నుగూర్చి తాను అట్లు వ్రాసికొనునా? ఆదికాండము 36:31లో ఇశ్రాయేలీయులకు రాజులు లేని కాలమందు ఎదోములో ఏలిన రాజుల పట్టిక యున్నది. ఇశ్రాయేలులో రాజులు వచ్చిన పిమ్మట జీవించినవాడు గదా ఆ మాట వ్రాయగలడు. అబ్రాహాము దాను వరకు తరిమెనని ఆదికాండము 14:14 చెప్పును. ఆ పట్టణమునకు దాను అను పేరు ఎంతో కాలము తరువాత వచ్చెనని న్యాయాధిపతులు 18:29 చెప్పును. సంఖ్యాకాండము 21:14లో యెహోవా యుద్ధముల గ్రంథమును, యెహోషువ 10:13లో యాషారు గ్రంథమును ప్రస్తావింపబడినవి. ఆ రెండును నేడు లేవు. అనగా మన గ్రంథములకంటె ముందుగా వేరు గ్రంథములుండెను. వ్రాసినవారు వాటిని చూచిరి.

సామెతల గ్రంథము చూడుడి. సొలొమోను సామెతలలో కొన్నిటిని హిజ్కియా రాజు మనుష్యులు ఎత్తివ్రాసిరని 25:1 తెలుపుచున్నది. 30వ అధ్యాయము ఆగూరు మాటలు. 31వది లెమూయేలు రాజునకు తల్లి నేర్పిన మాటలు. కీర్తనలలో 73 దావీదు పేరట, 12 ఆసాపు పేరట నున్నవి. 90వ కీర్తన మోషే ప్రార్థన. 137వది బబులోను నదులయొద్ద ఏడ్చినవారి పాట. ఒక్క గ్రంథములో ఎన్ని తరముల స్వరములు!

2. పూర్వపు బోధకులు ఏమి చెప్పిరి?

ఇది నేటి అవిశ్వాసులు కల్పించిన ప్రశ్న కాదు. యూదుల తల్మూదులోనే ఈ విచారణ యున్నది. ధర్మశాస్త్రపు కడపటి ఎనిమిది వచనములను యెహోషువ వ్రాసెననియు, యెషయా గ్రంథమును హిజ్కియాయు అతని సహచరులును వ్రాసిరనియు ఆ బోధకులు చెప్పిరి. 12వ శతాబ్దములో ఇబ్న్ ఎజ్రా అను యూదు వ్యాఖ్యాత పైన చెప్పినవంటి వచనములను జాగ్రత్తగా సూచించెను. 1753లో ఆస్త్రూక్ అను ఫ్రెంచి వైద్యుడు ఆదికాండమును పరిశీలించి, మోషే తనకు ముందున్న పాత వ్రాతలను కూర్చెనని వాదించెను. 1878లో వెల్‌హౌజన్ అను జర్మను పండితుడు ధర్మశాస్త్రము వేర్వేరు కాలములలో వ్రాయబడిన నాలుగు మూలముల కూర్పనియు, వాటిలో కడపటిది బబులోను చెర తరువాతిదనియు చెప్పెను. ఆ వాదమును కొందరు అంగీకరించిరి, కొందరు మార్చిరి, కొందరు త్రోసివేసిరి. మూలము లెన్ని, అవి యే కాలమువి అను విషయములో పండితులు నేటికిని ఏకీభవింపలేదు. కాబట్టి ఫోనులో ఎవడైనను "ఇదంతయు ఎప్పుడో తేలిపోయినది" అని చెప్పిన యెడల తొందరపడి నమ్మకుడి.

3. మన సంఘపు రిజిష్టరు

ఊరికి తిరిగి వచ్చి ఆ పెద్దను పిలిచి, మా సంఘపు బాప్తిస్మముల రిజిష్టరును ఆయన యెదుట తెరచితిమి. దానిని మనము నేటికిని "మొదటి అయ్యగారి పుస్తకము" అని పిలుచుచున్నాము. మొదటి పుటలు ఆయన చేవ్రాత. నడుమ ఒకచోట అదే పుస్తకములో ఆయన మరణము, సమాధి చేసిన దినము వ్రాయబడి యున్నవి. అది వేరొకరి చేవ్రాత. ఆ తరువాత నలుగురు కాపరుల వ్రాతలు. ఒకచోట చెదలు తినిన పుటను మరియొకరు శుభ్రముగా ఎత్తివ్రాసిరి. పాత పల్లె పేరు ప్రక్కన నేటి పేరు చేర్చిరి.

"పెద్దయ్యా, ఇది మొదటి అయ్యగారి పుస్తకమేనా?" అని అడిగితిమి. "ఆయనదే" అనిరి. "ఆయన చావు ఇందులో ఉన్నది గదా, మరి ఇది అబద్ధపు పుస్తకమా?" అంటిమి. ఆయన ఆ పుటలో తన తాతగారి పేరు వెదకి, దానిమీద వ్రేలు పెట్టి, "ఇది అబద్ధమెట్లవుతుంది? మా తాత బాప్తిస్మం ఇందులోనే ఉంది" అనిరి. కొంచెముసేపాగి, "ఇంత కాలము మాకెందుకు చెప్పలేదు అయ్యగారూ?" అని అడిగిరి. దానికి మా యొద్ద జవాబు లేకపోయెను.

4. కాలిపోయిన చుట్ట, తిరిగి వ్రాసిన చుట్ట

ఒక ప్రవక్త గ్రంథము ఎట్లు పుట్టెనో యిర్మీయా 36వ అధ్యాయము కన్నులకు కట్టినట్లు చూపును. యిర్మీయా నోట పలుకగా బారూకు సిరాతో వ్రాసెను. యెహోయాకీము రాజు దానిని ముక్కలుగా కోయించి కుంపటిలో కాల్చెను. అప్పుడు మరియొక చుట్ట వ్రాయబడెను. దానిలో మునుపటి మాటలే గాక మరి యనేక మాటలు చేర్చబడెను. 51వ అధ్యాయము చివర యిర్మీయా మాటలు ముగిసెనని యుండగా, 52వ అధ్యాయము రాజుల రెండవ గ్రంథపు చివరి భాగమును చాలవరకు పోలియున్నది. గ్రీకు భాషలోని ప్రాచీన తర్జుమాలో ఈ గ్రంథము మన హెబ్రీ మూలముకంటె గణనీయముగా చిన్నది. అట్టి చిన్న రూపమునకు దగ్గరగా నున్న హెబ్రీ ముక్కలును మృత సముద్రము ప్రక్కనున్న కుమ్రాను గుహలలో దొరికినవి.

ప్రవక్త పలికెను, లేఖకుడు వ్రాసెను, శత్రువు కాల్చెను, దేవుడు మరల వ్రాయించెను. ఇందులో మనుష్యుల చేతులను దాచిపెట్టవలెనని బైబిలు ప్రయత్నింపలేదు. మనమేల దాచవలెను?

5. కంప్యూటర్లు చూపిన సంగతి

1947లో ఆ గుహలలో మొదటి చుట్టలు కనబడినవి. వాటిలో యెషయా చుట్ట ఏడు మీటర్లకు పైగా పొడవు, 54 వరుసలు గలది. క్రీస్తునకు నూరేండ్లకు పైగా ముందటిది. 2021లో నెదర్లాండ్సు దేశపు గ్రోనింగెన్ విశ్వవిద్యాలయము వారు ఆ చుట్ట చిత్రములను కంప్యూటరుచే పరీక్షింపజేసిరి. 119వ కీర్తన మొదటి భాగమున శీర్షికగా మనము చూచు ఆలెఫ్ అను అక్షరమునే ఐదు వేలకు పైగా చోట్ల కొలిచి, చుట్ట మొదటి సగమును ఒకరు, రెండవ సగమును వేరొకరు ఎత్తివ్రాసిరని తేల్చిరి. ఒకరి చేతిని ఒకరు ఎంత చక్కగా అనుసరించిరనగా మనుష్యుల కన్నులకు ఆ భేదము తేటపడలేదు.

మన అబ్బాయి దీనిని చదివి, యెషయాలు ఇద్దరని రుజువైనదని తలంచెను. అది పొరపాటు. ఎత్తివ్రాసినవారు వేరు, మొదట పలికినవారు వేరు. యెషయా గ్రంథకర్తను గూర్చిన ప్రశ్న వేరుగా నున్నది: 40వ అధ్యాయము మొదలుకొని మాటలు చెరలో నున్నవారిని ఓదార్చుచున్నవి, 44:28లో కోరెషు రాజు పేరే యున్నది. దేవుడు ముందుగా బయలుపరచెనని కొందరును, యెషయా బోధను కాపాడిన తరువాతి శిష్యులు పలికిరని అనేక పండితులును చెప్పుదురు. ఈ రెండు తలంపులవారిలోను ప్రభువును ప్రేమించువారున్నారు.

మరియొక సంగతి. 1970లో ఏన్గెదీలోని కాలిపోయిన సమాజమందిరములో బొగ్గువలె మారిన చుట్ట యొకటి దొరికినది. ముట్టిన పొడియగును, కనుక నలువదియైదేండ్లు ఎవరును చదువలేదు. 2015లో దానిని విప్పకయే కంప్యూటరు సహాయముతో లోపలి అక్షరములను చూచిరి. అది లేవీయకాండపు ఆరంభము. కార్బను పరీక్ష దానిని క్రీ. శ. 3 లేక 4వ శతాబ్దమునకు చెందినదని చూపినది. దాని అక్షరములు నేడు మనము తర్జుమా చేసికొన్న హెబ్రీ పాఠముతో ఏకీభవించినవి. ఇంకను పూర్వపుది: 1979లో యెరూషలేములో దొరికిన రెండు చిన్న వెండి చుట్టలమీద, సంఖ్యాకాండము 6వ అధ్యాయములోని యాజకుల దీవెన మాటలున్నవి. అవి సుమారు క్రీ. పూ. 600 నాటివి. ఆరాధన ముగింపున మీ తలలమీద మేము పలుకు దీవెన అదియే. రెండు వేల ఆరువందల యేండ్లుగా ఎవరో ఒకరు దానిని మరియొకరి చేతిలో పెట్టుచునే యున్నారు.

6. మన తెలుగు బైబిలు మాత్రము ఎట్లు వచ్చినది?

18వ శతాబ్దములో బెంజమిన్ షుల్జ్ అను జర్మను మిషనెరీ తెలుగులోనికి తర్జుమా చేసెను. అది అచ్చు కాలేదు. 1805లో విశాఖపట్టణమునకు వచ్చిన క్రాన్, డెగ్రాంజెస్ అనువారు ఆనందరాయరు అను తెలుగు విశ్వాసి సహాయముతో పని సాగించిరి. క్రాన్ 1809లోను, డెగ్రాంజెస్ 1810లోను మరణించిరి. వారి పని ఫలము 1812లో సువార్తలుగా అచ్చయినది. ప్రిచెట్ అనువారు ముగించిన క్రొత్త నిబంధన 1818లో వచ్చినది. సంపూర్ణ గ్రంథము 19వ శతాబ్దపు నడిమి వరకు రాలేదు. మొదలుపెట్టినవారు ముగింపు చూడలేదు. అయినను దీనిని చదివి మన తాతలు తమ పాపములు ఒప్పుకొనిరి, అక్షరములు నేర్చుకొనిరి, తల యెత్తి నిలిచిరి.

7. అయితే మనమేమి చేయవలెను?

మన విశ్వాసము ఒక గ్రంథకర్త పేరుమీద నిలిచినది కాదు. ఎజ్రా ధర్మశాస్త్రమును తెచ్చి చదివినప్పుడు ప్రజలు వ్రాసినవాని పేరు విని యేడ్వలేదు. దాని భావము గ్రహించి యేడ్చిరి. లేవీయులు అర్థము వివరించిరి. కాపరుల పని అదియే. మేము దానిలో తప్పితిమి. తండ్రులారా, ప్రశ్న అడిగిన బిడ్డకు తలుపు మూయకుడి. యువకులారా, మనుష్యుల చేతులు కనబడినంత మాత్రమున దేవుని హస్తము లేదని తీర్మానింపకుడి.

తరువాత మేము ఫోనులో రిజిష్టరు సంగతి చెప్పగా ఆ యబ్బాయి నవ్వెను. "మా ఆఫీసులో మేము చూచే ప్రోగ్రాము కూడా అంతే అయ్యగారూ. మొదలుపెట్టినవారు ఇప్పుడు లేరు. ఎంతమందో చేర్చారు, దిద్దారు. కానీ అది ఇంకా పని చేస్తుంది" అనెను. అతడు ప్రతి ఆదివారము ఆరాధనకు పోవుచున్నాడని మేము చెప్పలేము. అతని ప్రశ్నలన్నియు తీరలేదు. గాని క్రిస్మసుకు ఇంటికి వచ్చెను. తండ్రియే బస్సు స్టాండునకు ఎదురు వెళ్లెను.

కూటములలో మాటలాడుకొనుటకు ప్రశ్నలు

1. ద్వితీయోపదేశకాండము 34వ అధ్యాయమును ఎవరు వ్రాసియుందురని మీరు తలంచుచున్నారు? ఎందుచేత?
2. యిర్మీయా 36:32లో చేర్చబడిన అనేక మాటలును దేవుని మాటలేనా?
3. గ్రంథమును వ్రాసినవానికిని ఎత్తివ్రాసినవానికిని భేదమేమి?
4. మన యింటి బిడ్డలు అడిగిన యే ప్రశ్నకు మనము కోపముతో జవాబిచ్చితిమి? ఇప్పుడు ఏమి చెప్పగలము?