మేనల్లునికి లేఖ: బొమ్మల సేకరణమును గూర్చి

శ్రీకాకుళము

  

నీ యుత్తరము చేరినది. అది చేరక మునుపే మీ యమ్మ ఫోను చేసి, సంపాదనపరుడైన కొడుకు ప్లాస్టిక్కు బొమ్మ కొనుటకు చీటీ పాడెదనని పట్టుబట్టి కూర్చున్నాడనియు, నా మాటయైనను వాని చెవి కెక్కునేమోననియు మొరపెట్టుకొన్నది. నీవేమో, కెన్నర్ కంపెనీవారి సూపర్ పవర్స్ వరుసలో నీకు కొరవడిన సైబోర్గ్ బొమ్మ అట్ట విప్పని స్థితిలో విదేశమున అమ్మకమునకు వచ్చినదనియు, ఇది చేజారినచో మరల దొరకదనియు, చిరకాలము కళాశాలలో రసాయనశాస్త్రము బోధించిన మావయ్యకు ప్లాస్టిక్కు విలువ తెలియును గనుక నీ పక్షముననే పలుకుననియు వ్రాసితివి. మీ తల్లీకొడుకుల వ్యాజ్యములో తీర్పరినగుట నాకిష్టము లేదు. అయినను అడిగితివి గనుక నాకు తోచిన మాటలు వ్రాయుచున్నాను, సావకాశముగా చదువుకొనుము.

ఈ వ్యాసంగము పిల్లతనమని నేననను. మానవమాత్రునకు సాధ్యము కాని బలమును ఒక రూపముగా కన్నులార చూడవలెనను కోరిక మన ప్రాంతమునకు క్రొత్తది కాదు. వీరఘట్టమున జన్మించి, విజయనగరమున వ్యాయామము నభ్యసించి, ఱొమ్ముపై ఏనుగును నిలుపుకొని, ఉక్కు గొలుసులను ఊపిరి బిగించి త్రెంచి, కలియుగ భీముడని దేశమంతట పేరొందిన కోడి రామమూర్తినాయుడుగారి సర్కసు ముచ్చట్లు మా పెద్దలు చెప్పగా వినుచు మేము పెరిగితిమి. శ్రీకాకుళములోని క్రీడామైదానమునకు నేటికిని ఆయన పేరే కలదు. 1980లో నందమూరి తారకరామారావుగారు సూపర్‌మాన్ వేషమున తెరపై కనబడగా ఈలలు వేసినవారిలో నీవు నేడు పాదాభివందనము చేయు పెద్దలును కొందరున్నారు. కాబట్టి మహాబలుని బొమ్మను చేతబట్టి మురియుటలో దోషము లేదు. ఆ బొమ్మను ఏ బుద్ధితో కూడబెట్టుచున్నావన్నదియే విచారింపదగిన విషయము.

నీవు కోరుచున్న వరుస కథను ఒక్కసారి నెమ్మదిగా తలచుకొనుము. అమెరికాలోని సిన్సినాటి నగరమునకు చెందిన కెన్నర్ సంస్థ, డీసీ కామిక్స్ వీరులను బొమ్మలుగా చేయు హక్కును సంపాదించి, 1984లో 12, మరుసటి యేట 11, 1986లో 10 బొమ్మలను వెలువరించి, తపాలా మూలమున మాత్రమే పంపిన క్లార్క్ కెంట్‌తో కలిపి మొత్తము 34 బొమ్మలతో ఆ వరుసను ముగించినది. సూపర్‌మాన్ కాళ్లను వ్రేళ్లతో అదిమిన పిడికిలి విసరుట, హాక్‌మాన్ కాళ్లను అదిమిన ఱెక్కలల్లార్చుట, ఫ్లాష్ చేతులను అదిమిన కాళ్లు పరుగిడుట ఆ బొమ్మల ప్రత్యేకత. 1970వ దశకారంభమున తాను సృష్టించిన డార్క్‌సీడ్ మొదలగు పాత్రలను ఈ బొమ్మల కొరకు మరల రూపొందించినందుకు జాక్ కర్బీ అను చిత్రకారునకు రాయల్టీ ముట్టినది. పుటకింత యని కూలి పుచ్చుకొని బొమ్మలు గీసి, తాను కల్పించిన పాత్రలమీది లాభము పరుల పాలగుట జీవితమంతయు చూచిన వానికి, వార్ధక్యమున ఈ పిల్లల బొమ్మల వలననే కొంత న్యాయము జరిగినది. నీ అలమారలోని డార్క్‌సీడ్‌ను చూచునపుడు నీకు గుర్తు రావలసిన సంగతి ఇది. వాని నేటి వెల కాదు.

ఇక మూడవ యేట వెలువడిన సైబోర్గ్ అంత అరుదగుటకు కారణమేమి? ఆ వీరుడు తక్కినవారికంటె గొప్పవాడు కాడు, వాని బొమ్మ తక్కినవానికంటె నిపుణముగా చేయబడినదియు కాదు. ఉక్కు అచ్చులకు పెట్టుబడి, పాత్రల హక్కుదారునకు రుసుము, అంగళ్లవారి ఆర్డరు అను మూడింటిపై బొమ్మల వరుస నిలిచియుండును. పిల్లల మోజు తగ్గి, పాత సరకు అమ్ముడుపోక అంగడి అరలలో నిలిచినప్పుడు వర్తకుడు క్రొత్త సరకును తక్కువగా తెప్పించును. ఆ తక్కువ సరకులో చివర వచ్చిన బొమ్మ పిల్లల చేతికి మరింత తక్కువగా చేరును. అందుచేత మూడవ యేటి బొమ్మలకు నేడు పలుకుచున్న ధర, ఆనాటి వర్తకుని వెనుకంజకు పడిన వెలయేగాని, శిల్పమునకో శౌర్యమునకో కట్టిన వెల కాదు. ఈ మర్మము తెలిసినవాడు అరుదైన వస్తువును చూచి కుతూహలపడునే కాని ఉలికిపడడు. అది ఎట్లు అరుదైనదో చెప్పగలుగుట విద్య. అరుదైనది గనుక అప్పుచేసి కొనుట వ్యసనము. నెలజీతములో ఇంటికీయవలసినది ఇచ్చి, కష్టకాలమునకు దాచవలసినది దాచి, మిగిలిన దానిలో నీ సరదాకని ఒక భాగము పెట్టుకొనుము, దానిని దాటకుము. చీటీ పాడిన సొమ్ముతో కొన్న బొమ్మను చూచినప్పుడెల్ల వాయిదా గుర్తు వచ్చునే తప్ప వీరుడు గుర్తు రాడు. పైగా దూరదేశమునుండి వచ్చు వస్తువునకు తపాలా వ్యయము, దిగుమతి సుంకము కలిసి, నీవనుకొన్న ధర ఇల్లు చేరునప్పటికి మరియొక ధరయగును.

ఆ బొమ్మ కొరకు అంత దూరము చూచుచున్న నీవు మనయింటి అటకవంక ఎందుకు చూడవు? బ్లో ప్లాస్ట్ సంస్థకు చెందిన లియోవారు, మ్యాటెల్ కంపెనీ అనుమతితో 1980వ దశకమున హీ-మాన్ బొమ్మలను మన దేశముననే తయారుచేసి అమ్మిరి. 1987లో ఎమ్మారెఫ్, హాస్‌బ్రో సంస్థలు కలిసి నెలకొల్పిన ఫన్‌స్కూల్, గోవా కర్మాగారమున జి.ఐ. జో బొమ్మలను చేసినది. అమెరికాలో ఆ చిన్న బొమ్మల వరుస 1994లో ఆగిన పిమ్మటను ఇచ్చట కొన్నేండ్లు సాగినది. అచ్చులు వారివే యైనను రంగులు పలుచోట్ల మారిపోవుటచేత, ఆనాడు మనవారు సామాన్యముగా ఎంచిన ఆ బొమ్మలనే నేడు అమెరికా సేకర్తలు పనిగట్టుకొని వెదకుచున్నారు. ఈ రెండు వరుసలును ఆగిపోయినవే. అవి విజయనగరమున గంటస్తంభము చేరువ ఏ యంగడిలో దొరకెడివో, పైడితల్లి సిరిమానోత్సవపు తిరునాళ్లలో వాని నకళ్లు ఎట్టి రంగులతో అమ్మెడివారో, ఏ తండ్రి ఏ నెల బోనసుతో కొని తెచ్చెనో, ఏ యింట అన్నదమ్ములు హీ-మాన్ కత్తి కొరకు కొట్టుకొనిరో, ఈ సంగతులు ఎంత ధనవంతుడైన విదేశీయుడును వ్రాయజాలడు. నీవు వ్రాయగలవు. ఆ తరమువారు ఇప్పుడు నడివయసున నున్నారు. అడిగినచో ఆనందముగా చెప్పెదరు.

నేను చెప్పదలచిన ముఖ్యవిషయమునకు ఇప్పుడు వచ్చితిని. కూడబెట్టుట వేరు, సేకరించుట వేరు అనుటకు మన ఊరిలోనే గొప్ప నిదర్శనము కలదు. కథకులైన కాళీపట్నం రామారావు మాస్టారు, 1995లో తమకు వచ్చిన కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారపు సొమ్మును కూడ వెచ్చించి, 1997 ఫిబ్రవరి 22న శ్రీకాకుళమున కథానిలయమను కథల గ్రంథాలయమును ప్రారంభించిరి. ఆయన వెదకి తెచ్చినవానిలో ఎన్నియో పత్రికలు ఏనాడో ఆగిపోయినవి. అంగడిలో తూకమునకు పోవలసినవి. గురజాడవారి ‘దిద్దుబాటు’ను 1910లో ప్రకటించిన ‘ఆంధ్రభారతి’ నేడు లేదు; కాని ఆ కథ ఎన్నడు, ఎక్కడ, ఏ రూపమున మొదట అచ్చయ్యెనో మనము నిశ్చయముగా చెప్పగలుగుచున్నామన్నచో, ఎవరో పాత సంచికను పారవేయక దాచి, అందులో ఏమున్నదో వ్రాసిపెట్టుటచేతనే. మాస్టారు కథల వెలను చూడలేదు. ఏ కథ ఎవరిది, ఏ పత్రికలోనిది, ఏ నాటిది అను మూడు ప్రశ్నలకు సమాధానము కట్టి, వచ్చినవానికెల్ల తలుపు తెరచియుంచిరి. 2021లో ఆయన దివంగతులైన తరువాతను ఆ నిలయము పనికి వచ్చుచున్నదన్నచో, దాని బలము అలమారలలో కంటె ఆ పట్టికలలో ఎక్కువగా నున్నది. నీ బొమ్మలకును ఇదే ధర్మము వర్తించును. పట్టికలేని వస్తురాశి, కూర్చినవాని తరువాత ఎవరికిని అర్థము కాక పాతసామానులవాని బండి ఎక్కును.

కనుక ముందుగా గట్టి అట్టగల గీతల పుస్తకమొకటి కొనుము. బొమ్మ కొక పుట. పేరు, వరుస, తయారీదారు, అది నీ చేతికి వచ్చిన తేది, ఇచ్చినవారు, ఇచ్చినవారికి అది ఎట్లు వచ్చెనను కథ, వెల వ్రాయుము. పిమ్మట దానిని వెలుతురులో త్రిప్పి చూడుము. వీపున గాని తొడ వెనుక గాని ఉబ్బెత్తు అక్షరములలో హక్కుదారుని పేరు, సంవత్సరము, దేశము కనబడును; ఆ సంవత్సరము రూపమునకు హక్కు పొందిన యేడు మాత్రమేయనియు, ఆ బొమ్మ అచ్చులోనుండి వెలువడిన యేడు అదే కానవసరము లేదనియు గుర్తుంచుకొని, ఉన్నదున్నట్లు ఎక్కింపుము. రంగు లేచిన ముక్కుకొన, సడలిన మోకాలు, ప్రక్కనుండి పోవు అచ్చు అతుకుగీత, ఇవియన్నియు వ్రాయదగినవే. వీపు గుడ్డ పోయినచో క్రొత్త గుడ్డ కుట్టింపవచ్చును. కాని కుట్టించితివని అదే పుటలో వ్రాయవలెను. మరమ్మతు దోషము కాదు, మరమ్మతును దాచుట దోషము.

రక్షణ విషయమున రసాయనశాస్త్ర బోధకుడుగా చెప్పుచున్నాను, శ్రద్ధగా వినుము. మెత్తని పీవీసీలో, దానిని మెత్తగా నుంచుటకు నూనెవంటి ద్రవ్యమును కలుపుదురు. అది ఏండ్లు గడచిన కొలది పైకి ఊరి, బొమ్మ చేతికి జిగటగా తగులును. అట్టిదానిని గోరువెచ్చని నీటిలో రవంత సబ్బు కలిపి తుడిచి, నీడన ఆరనిమ్ము. గట్టి ప్లాస్టిక్కు వస్తువులకు ఆనించి ఉంచకుము, ఆ ద్రవ్యము ఆనిన చోటును కూడ చెరచును. ఎండలోని అతినీలలోహిత కిరణములవలన తెల్లని ప్లాస్టిక్కు పసుపెక్కును. హైడ్రోజన్ పెరాక్సైడుతో దానిని తెలుపు చేయుదురు కాని, ఆ తెలుపు నిలుచునన్న నమ్మకము లేదు, ప్లాస్టిక్కు పెళుసగు అపాయమును కలదు. జి.ఐ. జో బొమ్మల నడుములో మొండెమును కాళ్లను కలిపి పట్టియుంచు నల్లని రబ్బరు వలయమొకటి యుండును. అది ఎండి తెగినచో బొమ్మ రెండు తునకలై చేతిలోనికి వచ్చును. భయపడవలసిన పనిలేదు, వీపు మర విప్పి క్రొత్త వలయము తొడుగవచ్చును. కాని మన తీరపు ఉప్పుగాలికి ఆ మర త్రుప్పుపట్టక ముందే చూచుకొనవలెను. మీ యమ్మ పట్టుచీరల పెట్టెలో వేసినట్లే నీ బొమ్మల పెట్టెలోను కలరా ఉండలు వేసినదని వ్రాసితివి. వెంటనే తీసివేయుము, ఆ నాఫ్తలీన్ ఆవిరి పాలీస్టైరీన్ వంటి ప్లాస్టిక్కులను మెత్తబరచును. చెమ్మకు సిలికాజెల్ పొట్లములు చాలును. పెట్టెను నేలపై ఉంచక ఎత్తున పెట్టుము. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను మన జిల్లాలోని ఉద్దానము ప్రాంతమును పాడుచేసిన నాడు, నేలమీది ట్రంకుపెట్టెలలో దాచినవి పోగొట్టుకొన్నవారిని నేనెరుగుదును.

అట్ట విప్పని బొమ్మను గూర్చి వాదమాడెదవని తెలిసియే ఈ మాట వ్రాయుచున్నాను. అట్టమీద గార్సియా-లోపెజ్ అను చిత్రకారుడు గీసిన చిత్రము, అంగడివాడు అంటించిన ధరచీటీ, వెనుకనున్న తక్కిన బొమ్మల పట్టిక, ఇవియు చరిత్రయే. కావున అట్టతోనున్నది ఒకటి దొరికినచో అట్లే యుంచుము. కాని కాళ్లు అదిమిన చేయి లేచునను రహస్యము, విప్పని అట్ట ఎన్నడును నీకు చెప్పదు. రెండవ ప్రతి దొరికినప్పుడు దానిని విప్పి, ఇంటికి వచ్చిన పిల్లల చేతికిమ్ము. వారు దానితో ఏమి చేయుదురో చూచి, అదియు పుస్తకమున వ్రాయుము. ఇంకొక మాట. ఎవరి యింటనైనను పాతబొమ్మ కనబడి, దాని ధర వారికి తెలియక నీకు తెలిసియున్నప్పుడు, ముందు ఆ ధర చెప్పి పిమ్మట బేరమాడుము. ఎదుటివాని తెలియనితనముతో లాభించిన వస్తువునకు నీ పుస్తకములో ‘ఎట్లు వచ్చెను’ అను చోట ఏమి వ్రాయుదువు?

సైబోర్గ్ లేనందువలన నీ వరుస నిండలేదని దిగులుపడవలదు. ఆ పుటను కూడ తెరచి, పేరు వ్రాసి, అది ఏల అరుదయ్యెనో నీకు తెలిసినంత వ్రాసి, తక్కినది ఖాళీగా ఉంచుము. నీ సొంత సొమ్ముతో కొనగల రోజు వచ్చినచో నింపుదువు. రానిచో, ఆ పుట చదివినవానికి ఆ బొమ్మను గూర్చి తెలియవలసినది తెలియనే తెలియును.

రథసప్తమికి అరసవిల్లి సూర్యనారాయణస్వామి దర్శనమునకు మీరందరు రావలెను. వచ్చునపుడు బొమ్మలు తేనక్కరలేదు, పుస్తకము తెమ్ము. మన విజయనగరము, శ్రీకాకుళము ఇండ్లలో దొరికిన లియో, ఫన్‌స్కూల్ బొమ్మలకు కొన్ని పుటలైన నిండియుండవలెను. దర్శనానంతరము నిన్ను కథానిలయమునకు తీసికొనిపోయి, అచ్చటి పట్టికలను చూపించెదను; వానిని చూచి నీ పుస్తకములో దిద్దుకొనవలసినవి దిద్దుకొందువుగాక.

ఇట్లు,
నీ శ్రేయస్సు కోరు
మేనమామ